ఎగిరే వస్తువును ఆవేశం పట్టి ఇవ్వగలదా?

మంచు రేణువులతోను, ధూళితోను రాసుకొంటూ పోయే విమానానికి విద్యుదావేశం కలుగుతుంది. దానిని వదిలించడానికే రెక్కల వెనుక అంచులకు సన్నని కడ్డీలు అమర్చుతారు. ఆ ఆవేశాన్నే ఆనవాలుగా తీసుకొని, ఏ తరంగాలనూ ప్రసారం చేయకుండా, విమానం ఎక్కడ ఉన్నదో నేలమీదినుంచే తెలుసుకోవచ్చునని ఒక వాదం ఉన్నది. రాడార్ వలె తన ఉనికిని తానే బయటపెట్టుకోని సాధనం గనుక ఈ ఆలోచన ఆకర్షిస్తుంది. అయితే లెక్కకు ఇది ఎంతవరకు నిలుస్తుంది?

విమానంమీద 100 మైక్రోకూలుమ్‌ల ఆవేశం ఉన్నదనుకోండి. అది సరిగా నెత్తిమీద 1 కిలోమీటరు ఎత్తున ఉంటే, నేలవద్ద మీటరుకు సుమారు 1.8 వోల్టుల క్షేత్రం కలుగుతుంది. నిర్మలమైన రోజున నేలవద్ద సహజంగా ఉండే క్షేత్రం మీటరుకు సుమారు 100 వోల్టులు. అందులో ఇంత మార్పును మంచి పరికరం గుర్తించగలదు. వాదంలోని సత్యం ఇంతవరకే. విమానం అదే ఎత్తున ఎగురుతూ 10 కిలోమీటర్ల దూరం పోతే, క్షేత్రం నూరవ వంతు కాదు, దాదాపు వెయ్యవ వంతు అవుతుంది. భూమి విద్యుద్వాహకం గనుక దానిలో వ్యతిరేకావేశం ప్రేరితమై, దూరాన విమానపు ఆవేశ ప్రభావాన్ని చాలవరకు రద్దు చేస్తుంది. కూలుమ్ నియమాన్ని వల్లించి, కాళ్ళకింది భూమిని మరచినవారికి ఈ తేడా తోచదు. ఇక ఉరుముల మేఘం వచ్చిందా, క్షేత్రం వేల వోల్టులకు పెరిగి, విమానపు జాడ అందులో మునిగిపోతుంది.

ఇంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. దగ్గరలోని కొద్ది ఆవేశమూ, దూరంలోని పెద్ద ఆవేశమూ ఒక పరికరంలో ఒకే అంకెను చూపవచ్చు. పలుచోట్ల పరికరాలుంచి ఈ చిక్కు విప్పవచ్చు గాని, అవి విమానానికి చేరువలోనే ఉండాలి.

దీనితో చిత్తూరు సీమలోని ఒక సాధనాన్ని పోల్చి చూడండి. తిరుపతికి సమీపాన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ ఉన్నది. అది 1024 ఏంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపుతుంది. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున మండిపోయే ఉల్కలు వదలిన బాటలను కూడ అది కనిపెడుతుంది. ఆ బాటలో ధన, ఋణావేశాలు సమానం గనుక నేలవద్ద దాని క్షేత్రం తెలియదు. కాని రాడార్ తరంగం సోకగానే తేలికైన ఎలక్ట్రానులు కంపించి, తరంగాన్ని వెనుకకు పంపుతాయి. తిరిగివచ్చే తరంగం ఎంత బలహీనమైనా, 100 కిలోమీటర్లు పోయి రావడానికి పట్టే కాలం సెకండులో 1,500వ వంతే. ఇక్కడ దూరాన్ని తెలిపేది బలం కాదు, కాలం.

కాబట్టి ఆవేశాన్ని నమ్ముకోవడం తప్పు కాదు. నిశ్చలావేశాన్ని దూరపు కాపలాకు నమ్ముకోవడమే తప్పు. ఉపాధ్యాయులు ఈ రెండు లెక్కలనూ నల్లబల్లమీద పక్కపక్కన వేయిస్తే, ఒక సూత్రం నిజం కావడం వేరు, అది ఒక పనికి చాలడం వేరు అని విద్యార్థులకు బోధపడుతుంది.