మీటరు మాటకు సీసా సాక్ష్యం

సముద్రపు నీళ్లలో ఎంత ఆక్సిజన్ కరిగి ఉందో చెప్పడానికి ఇప్పుడు కాస్త వెలుతురు చాలు. ఆప్టోడ్ అనే సెన్సర్ ముఖాన ఒక చిన్న పొర ఉంటుంది. అందులో ప్లాటినం పోర్ఫిరిన్ అనే రంగు కలిపి ఉంటుంది. దాని మీద నీలికాంతి పడగానే ఎర్రగా మెరుస్తుంది. పొరలోకి ఆక్సిజన్ చేరిందా, ఆ మెరుపు ముందే ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరిందో మైక్రోసెకన్లలో పట్టుకుని పరికరం అంకె వేస్తుంది. పాతకాలపు క్లార్క్ ఎలక్ట్రోడ్ కొలవాల్సిన ఆక్సిజన్‌నే కాస్త కాస్త తినేసేది. అందుకని నీళ్లు కదుపుతూ ఉండాల్సి వచ్చేది. ఆప్టోడ్‌తో ఆ బాధ లేదు.

ఇంత మంచి పరికరమే అయినా దీని మాట నేను గుడ్డిగా నమ్మను. వాడకుండా పెట్టెలో పెట్టినా సరే, ఆ పొర ఏడాదికి కొన్ని శాతం చొప్పున తక్కువ చూపిస్తూ పోతుంది. ఉప్పదనం లెక్క కూడా మనమే చెప్పాలి. 25 డిగ్రీల దగ్గర గాలితో నిండిన మంచినీళ్లలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, సముద్రపు నీళ్లలో 6.8 మాత్రమే ఉంటుంది. ఉప్పు అంకె సున్నా దగ్గరే వదిలేస్తే లేని ఆక్సిజన్‌ను కూడా మీటరు ధీమాగా చూపిస్తుంది.

అందుకే ఓడ మీద ఇవాళ్టికీ వింక్లర్ సీసా ఉంటుంది. హంగేరీ రసాయనవేత్త లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి అది. గొట్టం కొస సీసా అడుగుకు ఆనించి, ఒక్క బుడగ కూడా చేరకుండా నీళ్లు పొర్లిపోయేదాకా నింపాలి. మాంగనీస్ ద్రావణం, ఆ వెంటనే క్షారం కలిపిన అయొడైడ్ వేసి మూత బిగించి తిప్పితే, గోధుమరంగు మడ్డి మబ్బులా దిగుతుంది. ఆక్సిజన్ ఎంత ఉంటే రంగు అంత ముదురు. తర్వాత ఆమ్లం వేసి, చుక్క చుక్కగా టైట్రేషన్ చేస్తారు. గుర్తుగా వేసిన స్టార్చ్ తెచ్చిన నీలం విరిగిన చుక్క దగ్గర ఆగితే లెక్క తేలినట్టే.

బంగాళాఖాతంలో 200, 300 మీటర్ల లోతు నుంచి తెచ్చిన సీసాలో ఆ మడ్డి దాదాపు తెల్లగానే ఉండిపోతుంది. అక్కడ సున్నాకూ, సున్నాకు రవ్వంత పైనకూ తేడా చాలా పెద్దది. ఆ రవ్వంత ఆక్సిజనే నైట్రోజన్‌ను వాయువుగా మార్చి పోగొట్టే సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతోందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. దాన్ని పట్టడానికి ఆ శాస్త్రవేత్తలకు ప్రత్యేక సెన్సర్లే కావాల్సి వచ్చాయి. ఆ లోతులో మామూలు ఆప్టోడ్ చూపే చిన్న అంకెను చూసి సున్నా కాదులే అనుకోవడానికి లేదు.

మరి మనిషి వెంట లేకుండా సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్ల సంగతేమిటి? హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన దేశపు ఫ్లోట్లను చూసుకుంటుంది. ఆప్టోడ్‌ను పైకి నిలబెట్టిన ఫ్లోట్లు నీటి మీదికి వచ్చినప్పుడు గాలినే కొలిచి చూసుకుంటాయి. గాలిలో ఆక్సిజన్ ఎంతో అందరికీ తెలిసిందే కాబట్టి, అదే వాటికి తూకంరాయి.

ఇలాంటి మీటర్లు ఇప్పుడు రొయ్యల చెరువుల గట్ల మీదా కనిపిస్తున్నాయి. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, చూసి ఏరేటర్ల సంగతి తేల్చుకునే రైతులకు నాదొక మనవి. పొర మీది పాకుడు మెత్తటి గుడ్డతో తుడవండి. చెరువు ఉప్పదనం మీటరులో సరిగా పెట్టండి. తడి గాలిలో 100 శాతం చూపిస్తోందో లేదో సరిచూడండి. పుస్తకంలో డీవో అంకె రాసినప్పుడల్లా, మీటరును చివరిసారి సరిచూసిన తేదీ కూడా పక్కనే వేయండి.