కొసరి వడ్డించకండి

మా తాటిపాక వైపు వడ్డించడం ఒక విద్య. ఇటు రాజోలు, అటు అమలాపురం, ఏ ఇంటికెళ్ళినా అంతే. విస్తట్లో ఏది ఎక్కడ పడాలి, నెయ్యి ఎప్పుడు వెయ్యాలి, పులుసన్నం అవుతుండగానే పెరుగు గిన్నెతో ఎలా ప్రత్యక్షమవ్వాలి, తినేవాడు చాలని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి ఇంకో గరిటె ఎలా జార్చాలి... ఇవన్నీ అమ్మల్నీ అత్తల్నీ చూసి నేర్చుకున్నవే. ఆ చివరిదే అసలు పనితనం. "ఒక్క ముద్దండి, ఆయ్" అంటే కాదనే మనిషి ఈ లంకల్లో పుట్టలేదు. 2022 సంక్రాంతికి ఏటి అవతల నర్సాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డిస్తే టీవీల్లో చూసి ఊళ్ళన్నీ నోరెళ్ళబెట్టాయి. మా మేనత్త మాత్రం "పండక్కి పులస దొరకదు కదా, పాపం" అని ఆ పిల్లాడి మీద జాలిపడింది.

అలాంటి ఇంటికి మా తమ్ముడు పొట్ట తగ్గించే ఆపరేషను చేయించుకుని వచ్చాడు.

వాడికి నలభై దాటాయి. బరువు 120 కిలోలు దాటింది. షుగరు, బీపీ సరే, రాత్రిళ్ళు గురక మధ్యలో ఊపిరాగి ఉలిక్కిపడి లేచేవాడు. కాలవ గట్టు మీద నడకలయ్యాయి, జొన్నరొట్టెలయ్యాయి, కొబ్బరినూనె తాగే డైటూ అయింది. ప్రతిసారీ పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం. చివరికి పట్నంలో స్లీవ్ చేయించుకున్నాడు. అంటే పొట్టలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంగా ఉంచుతారు. అందులో పట్టేది మొదట్లో 100, 150 మిల్లీలీటర్లు. తీసేసిన భాగంతో పాటు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను కూడా చాలావరకు పోతుంది. బైపాస్ అని ఇంకోటుంది. దాంట్లో పొట్టను ఇంకా చిన్న సంచిగా విడదీసి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. 1960లలో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టిన దారి అది.

ఆపరేషను మాట ఎత్తగానే ఇంట్లో రెండు పేర్లు వినిపించాయి. ఒకటి దాసరి నారాయణరావు గారు, చించినాడ వంతెన దాటితే వచ్చే పాలకొల్లు మనిషి. 2017లో ఆయన పోయినప్పుడు, బరువు తగ్గే చికిత్స తర్వాతే ఆరోగ్యం చెడిందని పత్రికల్లో వచ్చింది. రెండోది ఆర్తీ అగర్వాల్. 2015లో అమెరికాలో ఆమె పోయినప్పుడు అందరూ చెప్పుకున్నది లైపోసక్షన్ గురించి. అది చర్మం కిందున్న కొవ్వును గొట్టంతో లాగేసే పని. దానికీ దీనికీ చుట్టరికం లేదు. అది ఆకారం కోసం, ఇది రోగం కోసం. అనుభవమున్న చోట ఈ ఆపరేషనులో ప్రాణాపాయం పిత్తాశయం తీసే ఆపరేషనుతో సమానంగా ఉంటుందని డాక్టర్లంటారు. గడ్కరీ, అరుణ్ జైట్లీ చేయించుకుని మళ్ళీ పనుల్లోకి వచ్చారు కదా అని మా బాబాయి ధైర్యం చెప్పాడు. ఇంతకీ మా ఇంట్లో కష్టం ఆపరేషను బల్ల మీద రాలేదు. వాడు ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాక వచ్చింది.

మన భోజనం కూర్పు ఎలా ఉంటుందో చూడండి. అన్నం నడిమధ్య కూర్చుంటుంది. పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు ఒక్కొక్కటే దాని దగ్గరికి వస్తాయి. కూరెందుకు? అన్నంలోకి. పులుసెందుకు? అన్నంలోకి. ఈ ఆపరేషను అయినవాడి పళ్ళెంలో వరస తిరగబడుతుంది. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీను లోపలికి వెళ్ళాలని డైటీషియన్ రాసిచ్చిన కాగితంలో ఉంది. గుడ్డుకు ఆరు గ్రాములు. వంద గ్రాముల చేపకు ఇరవై. ఉడికిన పప్పు కప్పుకు ఏడెనిమిది. పెరుగు వంద గ్రాములకు మూడు, నాలుగు. 150 మిల్లీలీటర్ల పొట్టలో ఇవన్నీ సర్దాలంటే పూటకింత చొప్పున ఐదారు పూటలు కావాలి. అన్నానికి చోటెక్కడ? గుడ్డో చేపో ముందు, తర్వాత కూర, ఇంకా చోటుంటే ఓ చెంచా అన్నం. అదైనా బాగా మెత్తగా ఉండాలి. తొందరపడితే అన్నం ముద్ద గుండెల దగ్గర అడ్డం పడ్డట్టు నిలిచిపోతుంది. కోనసీమలో పుట్టి అన్నాన్ని చిట్టచివర పెట్టుకోవడం ఎంత కష్టమో బయటివాళ్ళకు చెప్పినా తెలీదు.

ఒక మధ్యాహ్నం వాడు తినడం దగ్గర కూర్చుని చూశాను. కూతురి చిన్నప్పటి స్టీలు పళ్ళెం, టీ చెంచా. పులుసులోంచి తీసిన కొర్రమీను ముక్క ఒకటి, ముళ్ళు ఏరి మా మరదలు పెట్టింది. చెంచా అంచుతో చిన్న పలుకు విరిచాడు, నోట్లో పెట్టుకున్నాడు, చెంచా కింద పెట్టేశాడు. నమిలాడు, నమిలాడు. ముక్క పూర్తిగా గుజ్జయ్యాక మింగి, కాసేపు ఆగి, మళ్ళీ చెంచా పట్టుకున్నాడు. ముక్క సగమయ్యేసరికి ముక్కు కారడం మొదలైంది. తువ్వాలుతో తుడుచుకుని పళ్ళెం పక్కకి నెట్టేశాడు. పొట్ట నిండిందని చెప్పే గుర్తు అదేనట. కొందరికి ఎక్కిళ్ళు, కొందరికి తుమ్ము. దాన్ని పట్టించుకోకుండా ఇంకో చెంచా తింటే తిన్నదంతా పైకి వస్తుంది. వెనకాల అమ్మ పెరుగు గిన్నె పట్టుకుని నిలబడే ఉంది.

"పెరుగన్నం తినకుండా లేస్తావేంట్రా?"

"అయిపోయిందమ్మా."

"ఏం తిన్నావనిరా అయిపోవడానికి?"

ఇందులో ఎవరిదీ తప్పు లేదు. కానీ ఈ రెండు ప్రశ్నలూ రోజుకు ఐదుసార్లు వింటే ఎంతటివాడైనా ఏదో ఒక పూట అమ్మ కోసం ఆ ముద్ద తింటాడు, తిని పెరట్లోకి పరిగెడతాడు.

మంచినీళ్ళది ఇంకో గొడవ. విస్తరి వెయ్యగానే మొదట పెట్టేది నీళ్ళ గ్లాసు. అది లేకుండా అన్నం పెట్టడం మనకు అవమానం కిందే లెక్క. ఇక్కడ మాత్రం తింటూ తాగకూడదు. తిన్న అరగంట దాకా ముట్టుకోకూడదు. అలాగని రోజు మొత్తంలో లీటరున్నరకు తగ్గకూడదు. గుటకలు వెయ్యడానికి లేదు, చప్పరించడమే. చుట్టూ కొబ్బరితోటలున్న ఊళ్ళో బోండాం కొట్టించుకుని గంటసేపు చెంచాడు చెంచాడు తాగేవాణ్ణి చూడాలంటే మా ఇంటికి రండి. అదీ రోజుకు ఒకటికి మించకుండా. దాంట్లో తీపి ఉంది గానీ ప్రొటీను లేదు.

చేపలూరు కావడం మాత్రం మా అదృష్టం. మొదటి రెండు వారాలు పల్చటి మజ్జిగ, వడకట్టిన చారు. తర్వాత రెండు వారాలు గుజ్జు. ఆ పైన మెత్తటివి. ఆసుపత్రిని బట్టి కొంచెం అటూ ఇటూ. మెత్తటివాటి దశకు వచ్చేసరికి పులుసులో ఉడికిన చేపముక్కను మించింది లేదు, వేలితో నొక్కితే విడిపోతుంది. కోడి వేపుడు, మాంసం నెలల తర్వాత సంగతి. రొయ్య ఎక్కువ ఉడికితే రబ్బరే, జాగ్రత్త. పనసపొట్టు, ములక్కాడ, తోటకూర కాడలు పీచు తెగవు కాబట్టి చాన్నాళ్ళు ఆగాలి.

ఇప్పుడు నన్ను బాగా భయపెట్టిన సంగతి. చేపముక్క సగంలో ఆపేసిన ఆ పొట్టే పూతరేకులు నాలుగు పెట్టినా కిక్కురుమనదు. నోట్లో వేసుకుంటే కరిగి జారిపోయేది పొట్టలో చోటు అడగదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు నాకూ గర్వమే. కానీ ఆ పల్చటి రేకూ నెయ్యీ బెల్లమూ ఈ ఆపరేషనును ఓడించడానికి పుట్టినట్టుంటాయి. ఐస్‌క్రీమూ అంతే, సినిమా చూస్తూ నమిలే చేగోడీలూ అంతే. కొందరికి, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళకి, తీపి తిన్న కాసేపటికే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనమవుతుంది. దాన్ని డంపింగ్ అంటారు. నన్నడిగితే వాళ్ళే అదృష్టవంతులు, ఒళ్ళే కాపలా కాస్తుంది. ఏ బాధా పెట్టకుండా జారిపోయేవాళ్ళకే ముప్పు. మొదటి ఏడాది ఆకలి ఉండదు, బరువు దానంతటదే దిగుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ళయ్యాక ఆకలి తిరిగొస్తుంది. పోయిన కిలోలు మళ్ళీ వచ్చేది అప్పుడు, ఇలాంటి వాటితోనే. మరో మాట, తాటికల్లు కాలంలో నేస్తాలు పిలిస్తే వెళ్ళకపోవడమే మేలు. ఈ ఆపరేషన్ల తర్వాత, అందులోనూ బైపాస్ తర్వాత, మత్తు రక్తంలోకి మునుపటికంటే గబుక్కున ఎక్కుతుంది.

నాలుగో నెలలో జుట్టు రాలడం మొదలైంది. అమ్మ గానుగ కొబ్బరినూనె తెప్పించి తలకు మర్దన చేసింది. చేస్తే చేసింది, నష్టం లేదు, కానీ ఆగలేదు. ఒళ్ళు తొందరగా తగ్గినప్పుడు జుట్టు రాలుతుంది. ప్రొటీను, ఇనుము తక్కువైతే ఇంకా రాలుతుంది. లోపలికి వెళ్ళాల్సింది వెళ్తే ఎక్కువమందికి కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్... ఈ బిళ్ళలు ఆర్నెల్లకో ఏడాదికో కాదు, జీవితాంతం. కాల్షియం, ఇనుము ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలుండాలి. కులాసాగానే ఉన్నాను కదా అని మానేసేవాళ్ళే ఎక్కువ. షుగరు బిళ్ళలు మాత్రం డాక్టరు చూసి తగ్గించాలి. పాత మోతాదే మింగుతూ, తిండి పావు వంతయితే కళ్ళు తిరిగి పడిపోతారు.

ఇక ఊరి మాటలు. లావుగా ఉన్నన్నాళ్ళూ "తగ్గవయ్యా" అన్నవాళ్ళే, ముప్పై కిలోలు తగ్గేసరికి తాటిపాక సెంటర్లో ఆపి "మొహం పీక్కుపోయింది, షుగరు ముదిరిందా?" అని అడుగుతున్నారు. మనకి బరువు తగ్గడమంటే రోగమే మరి. ఈ ఆపరేషనుతో సగటున ఒంటి బరువులో నాలుగో వంతు పోతుంది. 120 కిలోల మనిషి 90కి వస్తాడు. సినిమా హీరో అయిపోడు. పొట్ట దగ్గర, చేతుల కింద చర్మం వేలాడుతుంది కూడా. అయితే రాత్రి నిద్రపడుతోంది, డాబా మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. నాకది చాలు.

అమ్మ ఒకరోజు వంటింట్లో కూర్చుని "వాడికి నేనింకేం పెట్టను?" అంది. ఆ ప్రశ్నకు డైటీషియన్ కాగితంలో జవాబు లేదు. నలభై ఏళ్ళుగా ప్రేమంతా గరిటెతోనే పెట్టిన మనిషిని గరిటె దించమంటే చేతులు ఊరుకోవు. వాటికి వేరే పని చూపించాలి. ఇప్పుడు అమ్మ పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీసి గట్టి పెరుగు చేస్తోంది. నీరు కారిపోయాక అదే కప్పులో ప్రొటీను రెట్టింపవుతుంది. పొట్టు తీయని పెసలు నానబోసి అరచేయంత మెత్తటి అట్లు పోస్తోంది. వారం బిళ్ళల డబ్బా సర్దేదీ ఆవిడే. పరిమాణంలో చూపించే ప్రేమను పనితనంలోకి మళ్ళించింది, నాకంటే త్వరగా. నేనింకా కొసరు మాట నాలిక చివర దాకా వచ్చాక ఆపుకుంటున్నాను.

చివరిగా, ఈ ఆపరేషను అయినవాళ్ళున్న ప్రతి ఇంటికీ ఒక మనవి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే మన ఊళ్ళల్లో మొదట దిష్టి తీస్తారు, తర్వాత ఆర్‌ఎంపీ గారిని పిలిచి గ్లూకోజు సీసా పెట్టిస్తారు. మిగతావాళ్ళకి అదేం చెయ్యదేమో గానీ వీళ్ళకి ప్రమాదం. ఆగని వాంతులతో ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది. ఆ స్థితిలో వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. చూపు రెండుగా కనపడడం, నడక తూలడం, మాట తికమక కావడం దాని గుర్తులు. బి1 ఇంజక్షను ముందు, గ్లూకోజు తర్వాత. అది చవక మందే, అడగడం తెలియాలి. అలాగే ఒళ్ళు నొప్పులకని వేసే డైక్లో ఇంజక్షను కూడా, బైపాస్ అయినవాళ్ళకి ముఖ్యంగా, పుండ్లు తెస్తుంది. కాబట్టి డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టుకోండి. రాజోలైనా, అమలాపురమైనా, కాకినాడైనా, సూది వెయ్యబోయే ఎవరికైనా ముందు అది చూపించండి. ఇక పెళ్ళి పందిట్లో ఎవరైనా విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, దయచేసి గరిటె వెనక్కి తీసుకుని పక్క విస్తరికి వెళ్ళండి.