‘వలస’ అనే మాట: రంగూన్ నుంచి గగన్‌పహాడ్ దాకా

కీలకపదాలు: వలస, వలసవాదం, ప్రవాసం, ముల్కీ, కొరంగీ, రోహింగ్యా

ఉపోద్ఘాతం

తెలుగులో ‘వలస’ అనే మాటకు కనీసం మూడు అర్థాలు స్థిరపడ్డాయి. పాత నిఘంటువులలో అది భయంతోనో కరువుతోనో ఇల్లూ వాకిలీ విడిచి తరలిపోవడం. ఉత్తరాంధ్ర ఊళ్ల పేర్లలో, అలా తరలివచ్చినవారు నిలదొక్కుకున్న చోటు. ఆమదాలవలస అందరికీ తెలిసిన పేరు. ఆంగ్ల రాజకీయ పరిభాషను తెలుగు చేసుకునే క్రమంలో ‘వలస పాలన’, ‘వలసవాదం’ వంటి ప్రయోగాలు పుట్టి, అదే మాట దొరతనానికీ పేరయింది. పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కూలీ, తుపాకి చేతపట్టుకుని వచ్చిన పాలకుడు ఒకే మాట కిందికి చేరారు. ఈ కలగాపులగం రాజకీయాలకు ఎలా అక్కరకొచ్చిందో, మన సాహిత్యవిమర్శ దాన్ని ఎందుకు పట్టించుకోలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచనకు మూలం నేను తరచు దాటే గగన్‌పహాడ్. ఆరాంఘర్ చౌరస్తాకూ శంషాబాదుకూ నడుమ, బెంగళూరు రహదారిని ఆనుకున్న పారిశ్రామికవాడ అది. ఊరి పేరులోనే సంస్కృత గగనమూ హిందుస్తానీ పహాడూ అతుక్కుని ఉన్నాయి. వాటిలో ఏది స్థానికమని ఎవరూ అడగరు. షెడ్లలో పనిచేసేవారిలో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు అనేకులు. వారి తలల మీదుగా, 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం నుంచి, జగిత్యాల, సిరిసిల్ల యువకులు గల్ఫ్‌కూ, మన విద్యార్థులు అమెరికాకూ ఎగిరిపోతుంటారు. పోయే వలస పైన, వచ్చే వలస కింద. మన సాహిత్యం తలెత్తి పైకి చూసినంతగా కిందికి చూడలేదు.

కొరంగీలు

వచ్చినవారిపై కోపం ఒక దేశ రాజకీయాలను ఎలా మలుపు తిప్పుతుందో తెలుగువారికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. అది మన మీదే జరిగింది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ‘రంగం’ వెళ్లారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీకి ‘కొరంగీ’ అన్న పేరు పడింది. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో రేవులో సమ్మె చేసిన కూలీలలో అత్యధికులు తెలుగువారు. వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమయ్యాక ఆ బర్మీయులను పొమ్మన్నారు. చెలరేగిన అల్లర్లలో వందలమంది చనిపోయారు. కూలి తగ్గించి లాభపడిన ఓడల కంపెనీల మీదికి ఆ కోపం పోలేదు, మూట మోసేవాడి మీదికి పోయింది.

ఆ అల్లర్ల వెనువెంటనే ‘మన బర్మా’ అన్న అర్థాన్నిచ్చే దొబామా సంఘం ఏర్పడింది. బర్మా స్వాతంత్ర్యోద్యమ నాయకులు పలువురు ఆ సంఘం నుంచి వచ్చినవారే. భారతదేశం నుంచి బర్మాను విడదీయాలా వద్దా అన్న చర్చలో రాకపోకల అదుపు ఒక ముఖ్యాంశమైంది. 1937లో విభజన జరిగింది. 1941లో వలసల నియంత్రణకు రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1942లో జపాను దాడితో లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటారు. 1960ల జాతీయీకరణతో మరో విడత తిరిగివచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. వలసవ్యతిరేకత బర్మా జాతీయవాదంలో పుట్టుమచ్చలా మిగిలి, 1982 పౌరసత్వ చట్టం దాకా సాగింది. ఆ చట్టం రోహింగ్యాలను పౌరులుగా గుర్తించలేదు.

ముల్కీ

హైదరాబాదులో ఇదే నాటకం మరో వేషంతో నడిచింది. ‘ముల్కీ’ వాదం మొదట ఎక్కుపెట్టింది నిజాం కొలువులో చేరిన ఉత్తర భారతీయుల మీద. తెలుగువారి మీదికి అది మళ్లింది ఆ తరువాతనే. 1919 ఫర్మానా పదిహేనేళ్ల నివాసాన్ని ఒక కొలమానం చేసింది. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమంపై కాల్పులు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం మనకు కంఠోపాఠాలే. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. జై ఆంధ్ర ఉద్యమం లేచింది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. చివరకు స్థానికత రాజ్యాంగంలోకే ఎక్కింది, 371డి అధికరణగా.

ఈ ఘట్టాల సాహిత్యంలోనే ‘వలసవాది’ అనే మాట పదునెక్కింది. బతకడానికి వచ్చినవారితో తగవు లేదు, పెత్తనంతోనే తగవు అని ఉద్యమకారులు పదే పదే వివరించారు. ఆ వివరణను నేను నిజాయితీగలదిగానే స్వీకరిస్తాను. ముల్కీ డిమాండు వెనుక ఉద్యోగాల లెక్క ఉంది, ఒప్పందాల ఉల్లంఘన ఉంది. కాని మాట అనేది వక్త ఉద్దేశం దగ్గరే ఆగదు. పెత్తందారును తిట్టడానికి వాడిన మాటే కూలీకీ పేరైనప్పుడు, సభలో పాటించిన తేడా వీధిలో నిలుస్తుందా?

విమర్శ చేసిన పొరపాటు

మన విశ్వవిద్యాలయాల్లో ‘వలస సాహిత్యం’ అంటే పాలమూరు కూలీ, ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అన్న నానుడి, గల్ఫ్ కన్నీళ్లు. ఈ పరిశోధన విలువను తగ్గించడం నా ఉద్దేశం కాదు. అయితే ఇందులో రెండు పక్షపాతాలు కనిపిస్తాయి. మొదటిది, దుబాయికి పోతే వలస, డాలస్‌కు పోతే ప్రవాసం. ఒకే విమానాశ్రయం నుంచి ఒకే రాత్రి బయలుదేరిన ఇద్దరిలో ఒకడు ‘వలసజీవి’, మరొకడు ‘ప్రవాసాంధ్రుడు’. వర్గభేదాన్ని పరిభాషే కప్పిపెట్టింది. రెండవది మరింత బరువైనది. వెళ్లినవాడు మన సాహిత్యంలో మనిషి, వచ్చినవాడు నేపథ్యం. నేను చదివినంతలో తెలుగు కథలోని హిందీ కూలీ సాధారణంగా వాచ్‌మన్, లేదా అనుమానితుడు. పేరున్నా ఊరుండదు. 2020 మే 1న లింగంపల్లి నుంచి హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు బయలుదేరింది. లాక్‌డౌన్ మీద వెలువడిన కవిత్వంలో నడిచిపోతున్న పాదాలున్నాయి. ఆ పాదాలు అంతకుముందు హైదరాబాదులో ఏ షెడ్డులో నిలబడ్డాయన్న ప్రశ్న మాత్రం అరుదు.

దీని ఫలితం సాహిత్యానికే పరిమితం కాదు. గగన్‌పహాడ్‌కు ఎంతో దూరం లేని బాలాపూర్ ప్రాంతంలో రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. శరణార్థులపై 1951 అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ చేరలేదు కనుక వారి హోదాకు చట్టపరమైన ఆధారం అంతంతమాత్రం. 2020 డిసెంబరు 1న జరిగిన నగరపాలక ఎన్నికల ప్రచారంలో రోడ్లు, నాలాలను పక్కకు నెట్టి వారి ప్రస్తావన జాతీయ వార్త అయింది. అప్పటికి నెలన్నర క్రితమే అక్టోబరు వరద గగన్‌పహాడ్ వద్ద రహదారిని ముంచి ప్రాణాలు తీసుకుంది. ఓటు లేనివారి గురించి ఓటున్నవారితో మాట్లాడడం నాయకులకు సులువు. అంతే దూరాన ఓటు ఉన్నా వేయలేని గల్ఫ్ కార్మికుడున్నాడు. 2010 సవరణ ప్రవాసులకు ఓటు నమోదు హక్కిచ్చింది గాని స్వయంగా వచ్చి వేయాలన్నది. విమాన టికెట్టు కొని ఓటు వేయగలిగేది ఎవరు?

రంగూన్ రేవులో కొరంగీ అనిపించుకున్నవారి మునిమనుమలు ఈ నగరంలోనూ ఉన్నారు. బర్మా వెళ్లగొట్టిన తెలుగువాడి కథను, బర్మా వెళ్లగొట్టిన రోహింగ్యా కథతో పక్కపక్కన పెట్టి చదివిన పరిశోధన వ్యాసం నాకింతవరకూ తారసపడలేదు. రెండూ ఒకటే అని కాదు. ఒకరికి తిరిగి రావడానికి ఒక ఊరుంది, రెండోవారికి లేదు. ఆ తేడా ఎక్కడ మొదలైందో చూడాలంటే కూడా రెండింటినీ కలిపి చదవవలసిందే.

గగన్‌పహాడ్ షెడ్లవారి పిల్లలు కొందరు ఇప్పుడు తెలుగు వాచకం చదువుతున్నారు. వారిలో ఒకరు రేపు తెలుగులో కథ రాస్తే, మన సాహిత్యచరిత్ర దాన్ని వలస సాహిత్యంలో చేరుస్తుందా, తెలంగాణ కథ అంటుందా?