గాలి మోసుకొచ్చే నీళ్లు

ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో బోరు పడితే పాయింటు పెట్టినాయన గొప్ప, పడకపోతే రైతు తలరాత. మధ్యలో లారీ మీద రాత్రంతా హోరెత్తే కంప్రెసర్ పేరు ఎవరూ ఎత్తరు. రాయిని పిండి చేసేది బిట్టే కావచ్చు. కానీ హ్యామర్‌ను కొట్టించేదీ, ఆ పిండిని పైకి ఊదేదీ, తగిలిన నీటిని బయటికి చిమ్మేదీ గాలే. గట్టిరాయిలో గాలితో తొలిచే రిగ్గులు 1960ల చివరి కరువుల్లో యునిసెఫ్ సాయంతో మన దేశానికి వచ్చాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా పద్ధతి పెద్దగా మారలేదు. నీళ్లు కిందికి పోయేకొద్దీ గాలి ఒత్తిడి మాత్రం పెరుగుతూ వచ్చింది. ఈ వారం నేను చెప్పదలచింది ఇదీ: బోరు ఎక్కడ ఆగాలో ఎప్పుడూ భూమే నిర్ణయించదు, కొన్నిసార్లు కంప్రెసర్ నిర్ణయిస్తుంది. ఆ కంప్రెసర్ బలం మెకానిక్ చేసే పెద్ద రిపేర్లలో కంటే రోజూ పొద్దున చేయాల్సిన చిన్నా చితకా పనుల్లోనే ఎక్కువగా ఉంది.

లెక్క చూద్దాం. నిలువునా 2.31 అడుగుల నీళ్లు నిలిస్తే అడుగున ఒక పీఎస్ఐ ఒత్తిడి పడుతుంది. చాలీచాలని ఊట తగిలి, ఇంకొంచెం దిగితే పెద్ద ఊట దొరుకుతుందేమోనన్న ఆశతో ముందుకు పోయే బోర్లు మన దగ్గర కొల్లలు. అలాంటి చోట రాడ్డు కలపడానికి గాలి ఆపారంటే నీళ్లు బోరులో పైకి లేచి నిలుస్తాయి. మళ్లీ గాలి వదలగానే ముందు ఆ నీటి బరువునంతా నెట్టాలి. 300 పీఎస్ఐ ఇచ్చే బండి దాదాపు 690 అడుగుల నీటిని నెట్టగలదు. సేఫ్టీ వాల్వు కారుతూ, హోసు జాయింట్లు బుసకొడుతూ, రెగ్యులేటర్ సెట్టింగు జారి అదే బండి 240 దగ్గర ఆగిపోయిందనుకోండి, 555 అడుగులు కూడా నెట్టలేదు. అంటే 60 పీఎస్ఐ పోతే దగ్గరదగ్గర 140 అడుగులు పోయినట్టే. గాలి నుంచి నూనెను వేరుచేసే సెపరేటర్ మూసుకుపోయి ఒక్క బార్ ఒత్తిడిని తినేసినా 33 అడుగులు తగ్గుతాయి. అక్కడ డ్రిల్లర్ “ఇంక పోదన్నా” అంటాడు. అందులో అబద్ధం లేదు, ఆ బండి నిజంగానే ఇంక పోదు. రైతు మాత్రం తన చేను ఇంతేననుకుని అడుగుల లెక్కన డబ్బు కట్టి పంపిస్తాడు.

ఆ ఒత్తిడి ఎందుకు పోతుందో తెలియాలంటే గాలిని నొక్కితే ఏమవుతుందో చూడాలి. సైకిలు పంపు కొట్టినవాళ్లకు దాని అడుగు ఎలా కాలుతుందో తెలుసు. మామూలు గాలిని చల్లార్చకుండా ఒక్క ఊపున 300 పీఎస్ఐకి నొక్కితే అది 450 డిగ్రీల దాకా పోతుంది. స్క్రూ కంప్రెసర్‌లో ఆ వేడిని ఎప్పటికప్పుడు పీల్చుకుని, గాలిని వంద డిగ్రీల అటూ ఇటూ ఉంచేది నూనె. కాబట్టి నూనె తగ్గినా, కూలర్ రెక్కల్లో రేగడి దుమ్ము పేరుకున్నా ముందు కాలేది ఆ నూనే. మాడిన నూనె బొగ్గులా సెపరేటర్‌లో పేరుకుంటుంది, నిప్పు అంటుకుంటే అంటుకునేదీ అక్కడే. వేడి సంగతి అందరికీ తెలుసు, మీటరు చూపిస్తుంది. నీళ్ల సంగతే తక్కువమందికి తెలుసు. నిమిషానికి 1100 ఘనపుటడుగుల గాలి పీల్చే బండి, 30 డిగ్రీల వేడిలో గాలిలో సగం తేమ ఉన్న రోజున, గంటకు దాదాపు 28 లీటర్ల నీటిని ఆవిరిగా లోపలికి తీసుకుంటుంది. నీళ్ల కోసం తిరిగే లారీ గంటకు రెండు బిందెల నీళ్లు మింగుతోందన్నమాట. నూనె బాగా వేడిగా ఉంటే ఆ ఆవిరి గాలితోపాటే బయటికి పోతుంది. 20 బార్ల ఒత్తిడిలో వేడి 80 డిగ్రీల కిందికి దిగితే మాత్రం ఆవిరి నీరై నూనెలో కలుస్తుంది, బేరింగులను తినడం మొదలుపెడుతుంది. అందుకే థర్మోస్టాట్‌ను పీకేసి “బండి చల్లగా నడుస్తోంది” అని మురిసిపోవడం అంత తెలివైన పని కాదు.

ఈ తేమ విషయంలో మనకంటే జాగ్రత్తపడేవాళ్లు ఎయిర్ రైఫిల్ షూటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో వాడే తుపాకుల సిలిండర్లలో గాలి సాధారణంగా 200 బార్ల దాకా ఉంటుంది, వాటిని నింపే కంప్రెసర్లు 300 దాకా పోతాయి. ఒక్క ఊపున అంత నొక్కితే గాలి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అందుకని మూడు నాలుగు అంచెల్లో, అంచె అంచెకూ చల్లార్చుతూ నొక్కుతారు. చల్లారిన ప్రతిచోటా నీరు దిగుతుంది గనుక నడుస్తుండగానే మాటిమాటికీ డ్రైన్ తిప్పి వదిలేస్తారు, చివర తేమ పీల్చే ఫిల్టర్ పెడతారు. నీరు లోపలికి పోతే వాల్వుకు తుప్పు పట్టి ప్రతి దెబ్బకూ వేగం మారిపోతుందని వాళ్లకు తెలుసు. సిలిండర్ వయసు పదేళ్లు దాటకూడదని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లోనే ఉంది. చేతిలో ఇమిడే గొట్టానికి అంత పట్టింపు ఉంది. పదిమంది చుట్టూ నిలబడి చూసే లారీ మీద, కంప్రెసర్ గాలీ నూనే చేరే ట్యాంకు వయసు మాత్రం ఎవరూ అడగరు.

బండివాళ్లకూ జవాబులున్నాయి. సీజను నాలుగు నెలలే, రాత్రింబగళ్లు నడిపితేనే కిస్తీలు తీరతాయి, మెయింటెనెన్సుకు టైమెక్కడిది అంటారు. న్యాయమైన మాటే, కానీ నేనడిగే పని బండిని షెడ్డులో పడుకోబెట్టేది కాదు. ఎయిర్ ఫిల్టర్ చూడటం, కూలర్ ఊదడం, హోసుల మీద ఉబ్బులు తడమడం, నూనె మట్టం చూడటం... ఇదంతా టీ తాగేంత సేపు. ఫిల్టర్ మూసుకుని గాలి పది శాతం తగ్గితే రాతిపిండి సరిగా పైకి రాదు, బిట్టు నూరిందే మళ్లీ నూరుతుంది, ఒక్కోసారి రాడ్లు లోపలే బిగుసుకుంటాయి. ఆ పూట పోయే టైము ఎన్ని టీలకు సమానమో వాళ్లకే బాగా తెలుసు. కొత్త కంప్రెసర్లు వేడెక్కితే వాటంతటవే ఆగిపోతాయి కదా అనేది ఇంకో మాట. ఆగుతాయి, ఆ స్విచ్చిని డైరెక్ట్ చేయనంతవరకూ. పైగా ఆ స్విచ్చికి తెలిసేది వేడి ఒక్కటే. నూనెలో నీళ్లు, లోపల పొరలు ఊడిన హోసు, బిగుసుకుపోయిన సేఫ్టీ వాల్వు దానికి కనబడవు. ఖర్చు మాట వచ్చినప్పుడల్లా మిగిలిన ఇంజిన్ ఆయిల్ పోసేయడం మూడో దారి. ఇంజిన్ ఆయిల్‌లో మసిని పట్టి ఉంచేందుకు కలిపే మందులు నీటిని కూడా పట్టి ఉంచుతాయి, నురగ తెస్తాయి. కంప్రెసర్ నూనెకు ఉండాల్సిన మొదటి గుణం నీటిని వదిలేయడం. అంటే అక్కడ ఆదా చేసిన డబ్బు సెపరేటర్ ఖాతాలోకి పోతుంది.

అసలు చిక్కు రేటులో ఉంది. అడుగుకింత అని బేరమాడేటప్పుడు ఊళ్లోకి వచ్చిన రెండు బండ్లలో తక్కువ చెప్పినదానికే పని దొరుకుతుంది. ఫిల్టర్లు సమయానికి మార్చేవాడు ఆ బేరంలో ఓడిపోతాడు. దీన్ని చట్టం సరిదిద్దుతుందా అంటే, ఇప్పటికైతే అనుమానమే. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం రిగ్గులు నమోదు కావాలంటుంది, ఆ విషయంలో దాని చూపంతా భూగర్భజలం మీద. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ ఒత్తిడితో నడిచే యంత్రాలు సురక్షిత పరిమితి దాటకుండా చూడాలనేది, కానీ ఊరూరా తిరిగే లారీ ఫ్యాక్టరీ కాదు. రిగ్గు నమోదు కాగితానికి కంప్రెసర్ అవర్ మీటరు రీడింగు, సేఫ్టీ వాల్వు పరీక్షించిన తేదీ, హోసులు మార్చిన తేదీ జతచేయమంటే ఖజానాకు పడే భారమేమీ లేదు. అప్పటిదాకా రైతు చేయగలిగింది ఒకటుంది. బేరం కుదిరాక, పొద్దున బండి స్టార్ట్ చేయకముందు, ట్యాంకులో ప్రెజర్ సున్నా ఉన్నప్పుడు, అడుగు డ్రైన్‌ను కొద్దిగా తిప్పి చూపించమని ఆపరేటర్‌ను అడగాలి. నూనె కంటే నీరు బరువు కాబట్టి ముందు అదే కారుతుంది. కాస్త కారి వెంటనే నూనె వస్తే సరే. గ్లాసు నిండుతున్నా నీళ్లే వస్తుంటే రెండో బండికి ఫోన్ చేయడానికి అప్పటికి ఇంకా టైముంటుంది.