ఒక మెతుకు చాలునా?

తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని విద్యుత్ టూత్‌బ్రష్షు కొనువారు పెట్టెపై “పరీక్షింపబడినది” అను ముద్ర చూచిన తృప్తిపడుదురు. ఈ తృప్తి ఎంతవరకు సమంజసము?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునందురు. కుండలోని మెతుకులన్నియు ఒకే వేడిలో ఉడుకును గనుక అచ్చట ఆ మాట చెల్లును. కర్మాగారములో ఒక్కొక్క బ్రష్షు వేరువేరుగా కూర్చబడును. ఒకదాని రబ్బరు వలయము సరిగా అమరును, వేరొకదానిది తప్పును. తప్పినదానిలోనికి నీరు చొచ్చి మోటారు చెడును.

నూటికి 5 లోపముగల సరుకునుండి 5 బ్రష్షులు తీసి చూచినచో, అన్నియు మంచివే యగుటకు అవకాశము 0.95ను అయిదుమార్లు హెచ్చించగా వచ్చు 0.77. అనగా నూటికి 77 మార్లు ఆ సరుకు నెగ్గిపోవును! ఈ అవకాశము 5 శాతమునకు తగ్గవలెనన్న 59 బ్రష్షులు చూడవలెను.

పోనీ, అన్నిటిని పరీక్షింపరాదా? మోటారు ఆయువు తెలియుటకు దానిని చెడువరకు త్రిప్పవలెను. ఇక అమ్ముటకేమి మిగులును? అందుచేతనే 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ వేరుమార్గము చూపెను. తయారీ జరుగుచుండగనే కొలతలను పటముపై గుర్తించి, హద్దు దాటినంతనే కారణము వెదకవలెను. ఆయన 1947–48లో మన దేశమునకును వచ్చెను.

కావున ఎన్నిటిని, దేనికొరకు, ఎట్లు పరీక్షించిరో చెప్పని ముద్ర కొనువారికి అభయము కాజాలదు. 95 పెసలు, 5 మినుములు కలిపి, కన్నులు మూయించి అయిదేసి గింజలు పలుమార్లు తీయించినచో విద్యార్థులకు ఈ సంగతి తేటపడును. తీసినవానిని ప్రతిసారియు తిరిగి కలుపవలెను.