లేమిలో ఆడాల్సిన ఆటలు

కౌంటర్ స్ట్రైక్‌ను మొదటి రౌండ్ నుంచే 16000 డాలర్లతో ఆడినవాళ్లు ఆ ఆటలో సగమే చూశారని నా అభిప్రాయం. కామారెడ్డి బస్టాండ్ చుట్టుపక్కల నెట్ సెంటర్లు కళకళలాడిన రోజుల్లో ఈ మాట అనుంటే నలుగురూ నా మీద పడేవారు. అప్పుడు అందరూ ఆడింది అలాగే మరి. ఆ ఆటలో ఒక్కడి దగ్గర ఉండగల గరిష్ఠ మొత్తం 16000. కోరిన తుపాకీ, కవచం, గ్రెనేడ్లు అన్నీ కొన్నా ఇంకా సగానికి పైగా మిగులుతుంది. గంటకు పదిహేనో ఇరవయ్యో ఇచ్చి కూర్చున్న కుర్రాడికి పిస్తోలు చేతికిచ్చి ఆడమంటే మనసొప్పదు. ఇచ్చిన పైసలకు ఏకే-47 మోగాల్సిందే. ఆ బాధ నాకూ తెలుసు. కానీ ఆట రుచి పోయేది అక్కడే.

ఆ నెట్ సెంటర్ల సంగతి కాస్త చెప్పాలి. కామారెడ్డి అప్పటికింకా నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. సొంత జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. ఎల్లారెడ్డి, లింగంపేట వైపు నుంచి ఇంటర్‌కీ డిగ్రీకీ ఇక్కడికి వచ్చే పిల్లలు చాలామంది. నెట్ సెంటర్‌కు పగటిపూట బతుకుదెరువు ఎంసెట్ ఫలితాలు, హాల్ టికెట్లు, దరఖాస్తులు, ప్రింట్లు. సాయంత్రం కాలేజీ వదిలాక అవే సిస్టముల మీద యుద్ధాలు. నాలుగు కేబుళ్లూ ఒక స్విచ్చూ ఉంటే చాలు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఆటలన్నీ చేతులు మారిన పైరసీ సీడీలే, అసలు డబ్బా చూసినవాడు లేడు. ఎల్లారెడ్డి కుర్రాళ్ల కన్ను మాత్రం ఎప్పుడూ గోడ గడియారం మీదే ఉండేది. ఆఖరి బస్సు పోతే ఆ రాత్రి ఎవరి రూములోనో సర్దుకోవాలి.

కౌంటర్ స్ట్రైక్ పెద్ద కంపెనీలో పుట్టిన ఆట కాదు. మిన్ లీ అనే యూనివర్సిటీ విద్యార్థి, జెస్ క్లిఫ్ అనే ఇంకొకతను కలిసి హాఫ్-లైఫ్ ఆటను తమకు నచ్చినట్టు మార్చి 1999లో వదిలారు. వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని 2000లో అమ్మకానికి పెట్టింది. మన నెట్ సెంటర్లను ఏలిన 1.6 వెర్షన్ వచ్చింది 2003లో. ఒక జట్టు బాంబు పెట్టాలి, ఇంకో జట్టు ఆపాలి. చస్తే రౌండ్ అయిపోయేదాకా కూర్చుని చూడాల్సిందే. నియమం ఇంతే.

పద్ధతిగా ఆడితే మొదట చేతికిచ్చేది 800. ఏకే-47 ధర 2500, ఎం4 ధర 3100, ఛాతీకి తగిలితే ఒక్క గుండుతో పడేసే ఏడబ్ల్యూపీ 4750. అంటే మొదటి రౌండ్ పిస్తోళ్ల మీదే నడవాలి. గెలిచినవాడికి మూడు వేల పైన వస్తుంది. ఓడినవాడికి దక్కేది 1400, వరుసగా ఓడుతుంటే అది కొంచెం కొంచెం పెరుగుతుంది. ఇప్పుడు ఓడిన జట్టు ఏం చెయ్యాలి? ఉన్నదానితో చవక తుపాకులు కొని రెండో రౌండ్‌కు ఎగబడొచ్చు. మంచి తుపాకులున్న ఎదుటివాళ్ల చేతిలో మళ్లీ ఓడి, మూడో రౌండ్‌లోనూ ఖాళీ జేబులతో నిలబడతారు. లేదా రెండో రౌండ్‌ను వదిలేసుకుని, ఏమీ కొనకుండా ఆగితే, మూడోదాంట్లో జట్టులోని ఐదుగురికీ దాదాపు సరిపడా డబ్బుంటుంది. దీన్ని ఈకో అంటారు. ఐదుగురూ ఆగితేనే ఇది పనిచేస్తుంది. ఒక్కడు చెయ్యి ఆపుకోలేక కొన్నాడా, నలుగురి ఓపిక గంగలో కలిసినట్టే. డబ్బెక్కువున్నవాడు తుపాకీ కొని, జి మీట నొక్కి కింద పడేసి, లేనివాడికి ఇవ్వడం కూడా ఈ లెక్కలో భాగమే. 16000తో మొదలుపెడితే ఇదేదీ ఉండదు. ఆగడం, పంచుకోవడం, ఓటమిని ముందే ఒప్పుకోవడం అన్నీ పోయి, ఉత్త కాల్పులు మిగులుతాయి.

గురి విషయానికొస్తే, అక్కడా పొదుపే. ఏకే మొదటి గుండు చూసినచోటికే పోతుంది. మీట నొక్కి పట్టుకుంటే నాలుగైదు గుండ్లలోనే తుపాకీ పైకి లేచిపోతుంది. అందుకే మౌస్‌ను కిందికి లాగుతూ కాల్చాలి, దూరమైతే ఒక్కోటి, రెండేసి కాల్చి ఆగాలి. పరిగెత్తుతూ కాలిస్తే గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. కుడివైపు ఉరుకుతున్నవాడు ఎడమ మీటను ఒక్క క్షణం నొక్కి నిలబడి కాలుస్తాడు. కొత్తవాళ్లు నేలను చూస్తూ నడుస్తారు. ఆరితేరినవాడి గురి ఎప్పుడూ మనిషి తల ఎత్తులోనే మూలమూలకీ జరుగుతుంటుంది. వాడు చెయ్యి కదపాల్సిన దూరం అంత తగ్గుతుంది. అడుగుల చప్పుడు ఎదుటివాడికి వినిపిస్తుంది కాబట్టి షిఫ్ట్ నొక్కి మెల్లగా నడవాలి. కానీ బాంబు గడియారం ఆగదు. పోటీ నిబంధనల్లో బాంబు పెట్టాక ఉండేది 35 సెకన్లు. దాన్ని తీయడానికి మామూలుగా 10, బాంబు తీసే కిట్ ఉంటే 5. కిట్ ధర 200. ఆ 200 మిగుల్చుకున్నందుకు మూడు సెకన్లు చాలక రౌండ్ పోగొట్టుకున్నవాళ్లను అడిగితే పొదుపుకూ పిసినారితనానికీ తేడా చెబుతారు.

డస్ట్2 గురించి రెండు ముక్కలు. డేవ్ జాన్‌స్టన్ 2001లో చేసిన ఈ మ్యాప్‌ను ఆడనివాడు మా నెట్ సెంటర్లలో లేడు. బాంబు పెట్టే చోట్లు రెండు, ఏ, బి. మధ్యలో తలుపులు, వాటి సందులోంచి అవతలివాళ్లు దాటడం కనిపిస్తుంది. ఏడబ్ల్యూపీ పట్టినవాడు ఆ సందు మీదే కాపు కాస్తాడు. మనవాళ్లు దీనికో సొంత కళ చేర్చారు. రెండు జట్లూ ఒకే గదిలో ఉంటాయి, ఒకడి అరుపు అందరికీ వినిపిస్తుంది. కాబట్టి "అందరం బి కాడికే పోతున్నం, జల్ది రండ్రి!" అని గట్టిగా అరిచి, సైగ చేసి ఏ వైపు పోవడం. రెండోరోజుకి ఎదుటివాళ్లు అరుపును నమ్మడం మానేస్తారు. మూడోరోజు అలాగే అరిచి నిజంగానే బి కి పోతారు. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడేవాడికి ఈ సరదా దొరకదు.

ప్రాజెక్ట్ ఐజీఐ వేరే సంగతి. నార్వే కంపెనీ ఇన్నర్‌లూప్ చేసిన ఈ ఆట 2000 చివర్లో వచ్చింది. ఇద్దరు కలిసి ఆడేది కాదు, అయినా మన దేశంలో దానికున్నంత అభిమానం మరెక్కడైనా ఉందా అని నాకు అనుమానం. లోపాలకు కొదవలేదు. అలారం మోగిందంటే బ్యారక్‌లోంచి సైనికులు పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉంటారు. కానీ దాని గొప్ప, దాని క్రూరత్వం ఒక్కటే: మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. చివరి గదిలో చస్తే మొదటి కంచె నుంచి మళ్లీ మొదలు. దానికి తోడు ఎండాకాలం కరెంటు కోతలు! అందుకే ఐజీఐ ఆడేవాడికి అడుగు వేసేముందు చూడటం అలవాటైంది. ముందు బైనాక్యులర్, తర్వాత పై నుంచి చూపించే మ్యాపు, కెమెరాలను ఆపే కంప్యూటర్ ఎక్కడుందో, అలారం మీట దగ్గర ఎవడున్నాడో. తుపాకీ అన్నిటికన్నా ఆఖర్న.

దీని పక్కన కాల్ ఆఫ్ డ్యూటీని పెట్టి చూస్తాను. 2003లో వచ్చిన మొదటిదంటే గౌరవమే. 2005లో రెండోది వచ్చేసరికి, గాయపడితే గోడ చాటున కాసేపు నిలబడితే చాలు, ప్రాణం దానంతటదే నిండుతుంది. చూడటానికి సినిమాలా ఉంటుంది, ఆడటానికీ సినిమాలాగే ఉంటుంది. మందుల పెట్టె ఎక్కడుందో వెతుక్కునే పని తప్పించారు, దాంతోపాటు భయాన్నీ తప్పించారు. ఈ మాట ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారు. ఉండనివ్వండి.

స్ట్రాటజీ ఆటల్లో నా ఓటు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కే. ఎన్సెంబుల్ స్టూడియోస్ 1999లో చేసింది, మరుసటేడు కాంకరర్స్ చేర్పు వచ్చింది. మొదట్లో ఉండేది ముగ్గురు పనివాళ్లు, ఒక గుర్రపు వేగు, ఒక టౌన్ సెంటర్. ఒక్కో పనివాణ్ని చేయడానికి 50 తిండి, 25 సెకన్లు. లెక్క వేసుకోండి: పది నిమిషాల్లో టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకపోతే 24 మంది వస్తారు. సగం సమయం మరిచిపోతే 12 మంది. యుద్ధం ఇంకా మొదలే కాలేదు, ఓటమి మాత్రం ఖాయమైపోయింది. చూసేవాళ్లకు ఏనుగులూ కోటలూ రాళ్లు విసిరే యంత్రాలూ కనిపిస్తాయి. ఆడేవాడి మనసు మాత్రం హెచ్ మీట మీద ఉంటుంది. టౌన్ సెంటర్‌కు పోవడం, ఇంకొకణ్ని పెట్టడం, మళ్లీ పనిలోకి రావడం.

తిండి దొరికే వరుస కూడా తెలియాలి. ముందు గొర్రెలు, ఒక్కోదాంట్లో 100. తర్వాత అడవిపంది, అందులో 340. కానీ పంది ఊరికే దొరకదు. ఒక పనివాడు బాణం వేసి, అది వెంటపడితే టౌన్ సెంటర్ దాకా పరిగెత్తుకు రావాలి, అక్కడ మిగతావాళ్లు కాచుకుని ఉండి పడేయాలి. ఆ పరిగెత్తేవాణ్ని మరిచిపోయి కట్టెల వైపు చూశావా, మనిషీ పోయాడు, పందీ పోయింది. 500 తిండి కూడితే రెండో యుగం, 800 తిండి, 200 బంగారం కూడితే మూడోది. తొందరపడి యుగం మారితే సైన్యానికి మిగలదు, సైన్యం పెంచుతూ కూర్చుంటే ఎదుటివాడు గుర్రపు యోధులతో వస్తాడు. గుర్రాలకు బల్లెంవాడు మొగుడు, బల్లెంవాడికి విలుకాడు, విలుకాడికి ఈటెలు విసిరే స్కిర్మిషర్. అందుకే వేగును పంపి ఎదుటివాడి ఊళ్లో ఏం కడుతున్నారో చూడనివాడు గుడ్డిగా ఖర్చుపెడతాడు.

ఇక్కడా మన నెట్ సెంటర్ల పాడు నియమం ఒకటుంది. "అర్ధగంట దాకా ఎటాక్ లేదు" అని ముందే ఒప్పందం. అందరూ తీరిగ్గా గోడలు కట్టుకుని, ఏనుగులు పేర్చుకుని, ముప్పయ్యో నిమిషాన ఢీకొంటారు. చూడముచ్చటే, కాదనను. కానీ పదో నిమిషంలో నలుగురు విలుకాళ్లు వచ్చి కట్టెలు కొట్టేవాళ్ల మీద పడితే, సగం కట్టిన ఇల్లు వదిలేసి ఎవర్ని ఎటు పంపాలో తేల్చుకోవడమే ఈ ఆట. 16000 డాలర్లూ, అర్ధగంట శాంతీ ఒక్కటే జబ్బు. లేకపోవడమంటే మనకు భయం. ఇళ్లల్లో చాలినంత లేని పిల్లలం, ఆటలోనైనా అన్నీ నిండుగా ఉండాలనుకున్నామేమో.

మన పాత ఆటలు ఇలా జాలి చూపలేదు. పులి-మేకనే తీసుకోండి. 23 బిందువుల పటం, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా ఒక్కదాన్ని కూడా కదపకూడదు, పులులు మాత్రం మొదటినుంచీ తిరుగుతూ, వెనక చోటు ఖాళీగా ఉన్న మేకను దూకి చంపుతుంటాయి. మేకలవాడు గెలవాలంటే ఒక్కో మేక వెనక ఇంకొకటి ఉండేట్టు పేర్చుకుంటూ పులులకు దారి మూసేయాలి. రెండు పక్షాల బలం వేరు, గెలుపు వేరు, ఓపిక వేరు. బాంబు పెట్టేవాళ్లూ ఆపేవాళ్లూ వేర్వేరు తుపాకులతో, వేర్వేరు లక్ష్యాలతో ఆడే కౌంటర్ స్ట్రైక్‌ది ఈ జాతే.

ఇప్పటి పిల్లలకు ఫోనే నెట్ సెంటర్. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో కేంద్రం నిషేధించింది, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, మధ్యలో ఇంకోసారి ఆగి 2023లో మళ్లీ వచ్చింది. నేను దాన్ని తక్కువ చేయను. వట్టి చేతులతో దిగడం, దొరికినదానితో సరిపెట్టుకోవడం, కుంచించుకుపోయే వలయం, ఇదంతా మంచి ఆట లక్షణమే. రంగు చొక్కాలకూ తుపాకీ తొడుగులకూ తండ్రి ఫోన్‌లోంచి డబ్బు పోవడం మాత్రం వేరే ఆట. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఇళ్లల్లో పెద్దవాళ్లు కూడా ఈ తేడా చూస్తే బాగుంటుంది. కాలం వృథా కాలేదా అంటే, అయింది. బ్యాక్‌లాగులు మిగిలినవాళ్లను నేనెరుగుదును. కానీ ఈకో రౌండ్‌లో చెయ్యి ఆపుకోవడం నేర్చుకున్నవాడు పందెం యాప్‌లో పడటం కష్టమని కూడా నా నమ్మకం.

ఇక ఒక కోరిక. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త రూపం 2019లో వచ్చింది, 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా చేర్పుతో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు చేరారు. రాజేంద్ర చోళుడికీ బాబరుకూ దేవపాలుడికీ క్యాంపెయిన్లు దక్కాయి. ఓరుగల్లుకు దక్కలేదు. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ కందకం. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడి, 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతికి కోట పోవడం. లోపల తిండి తరుగుతుంటే గోడ మీద ఎందర్ని నిలపాలి, పొలాల్లో ఎందర్ని ఉంచాలి అని తేల్చుకోవాల్సిన కథకు ఇంతకన్నా తగిన ఆట లేదు. కంపెనీ చేస్తుందని కూర్చోనక్కర్లేదు. సినారియో ఎడిటర్ ఆటలోనే ఉంది, కోట గీయడానికీ, ఏ నిమిషంలో ఎవరు రావాలో ట్రిగ్గర్లు పెట్టడానికీ కోడింగ్ రానక్కర్లేదు. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో సెలవులకు ఇంట్లో ఉన్న ఇంజనీరింగ్ పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే, మొదలుపెట్టండి. తిండి మాత్రం తక్కువగా ఇవ్వండి.