ఆ బొమ్మ తీసిందెవరు?

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ చంద్రుని మీద దిగుతుంటే దేశమంతా టీవీల ముందు కూర్చున్నది. మర్నాడు ఏలూరులో, నా తరగతిలో ఏడవ క్లాసు పిల్లవాడొకడు లేచి అడిగాడు: "మాస్టారూ, విక్రమ్ దిగేటప్పుడు ప్రక్కనుంచి ఆ వీడియో తీసిందెవరండీ?" తరగతి గొల్లున నవ్వింది. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. తెర మీద దిగుతూ కనిపించిన ఆ ల్యాండరు యానిమేషన్. ప్రక్కన ఎత్తునూ వేగాన్నీ చూపిన అంకెలు నిజం. వాటి సరసన నడిపిన బొమ్మ కల్పన. ఈ తేడా పెద్దవాళ్ళలో ఎందరికి పట్టింది?

సౌరకుటుంబాన్ని చూపే ఏ కళకైనా ఆ పిల్లవాడి ప్రశ్నే గీటురాయి కావాలని నా వాదం. వస్తువునూ రూపాన్నీ విడదీసి చూడరాదని సాహిత్య విమర్శలో అంటూనే వున్నాం. గ్రహాల బొమ్మ విషయంలో మూడవది కూడా ఒకటి వున్నది: ఆ సంగతి మనిషికి ఎలా తెలిసిందన్నది. దాన్ని మరుగుపరచే చిత్రం ఎంత అందమైనదైనా సరే, చూసేవాణ్ణి భక్తుడిగానే వుంచుతుంది. దాన్ని బయటపెట్టే చిత్రం చూసేవాణ్ణి ఆలోచనాపరుణ్ణి చేస్తుంది.

మన శివాలయాల్లోని నవగ్రహ మండపాన్నే తీసుకుందాం. అది మూఢనమ్మకమని ఒక్క మాటతో త్రోసిపుచ్చడం తేలిక. అయితే అది విమర్శ కాదు. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. కంటికి స్పష్టంగా కనిపించే గ్రహాల్లో శని నడకే అతి మెల్లనిది; సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావడానికి సుమారు 29½ ఏళ్ళు పడుతుంది. ఆ పేరు పుట్టాలంటే ఎందరు ఎన్ని రాత్రులు మేలుకొని ఆకాశం చూసివుండాలి! పంచాంగం లెక్కల్లో రాహుకేతువులు చంద్రుని దారి సూర్యుని దారిని ఖండించే రెండు బిందువులు. మండపంలో పాము శరీరాలు. గ్రహణాలు నీడల వల్లనే కలుగుతాయని క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు చెప్పాడు. శిల్పి పనితనంలో లోపం లేదు. కాని ఆ రాతి వెనకనున్న పరిశీలన మరుగున పడి, భయం మాత్రం నిలబడింది. ఆ భయం మీద బ్రతికేవాళ్ళు దాన్ని నిలబెట్టారు.

ఇక ఛాయాచిత్రం. దీనికి ఉదాహరణ కోసం సముద్రాలు దాటనక్కరలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ గుంటూరు మీదుగా, బందరు మీదుగా, మన కొల్లేటి మీదుగా పోయింది. గుంటూరులో గ్రహణం ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. సైనికాధికారి టెన్నంట్ బృందం అక్కడ ఫోటోలు తీసింది. అది గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, వెంటనే కడగవలసిన కాలం. శ్రావణ మాసపు మబ్బుల క్రింద, చీకటిలో, గడియారం తరుముతుంటే చేసిన పని అది. ఆ పలకల మీద సూర్యుని అంచున కొమ్ములా ఎగసిన పెద్ద జ్వాల ఒకటి పడింది. ఆ ఊళ్ళోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వర్ణపటదర్శినితో అటువంటి జ్వాలలు మండే వాయువులేనని గుర్తించాడు. గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని మర్నాడు నిరూపించాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపుపచ్చ గీత తరువాత హీలియం అనే మూలకానికి ఆనవాలైంది. భూమి మీద అది 1895లో గాని చేజిక్కలేదు.

ఆ ఫోటో నలుపు తెలుపుల మసక బొమ్మ. దాని అందమంతా దాని వెనకనున్న శ్రమలో వున్నది. అది వలస పాలన నాటి ఫోటో అన్న సంగతి కూడా మరువరాదు: పెట్టెలు మోసిన చేతులు, నీళ్ళు తోడిన చేతులు అందులో కనిపించవు. అయినా ఆ వెలుగు పడింది మన నేల మీదే.

యానిమేషన్‌కూ ఇదే కొలత. 2019 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటాక చంద్రయాన్-2 దిగుతున్నప్పుడు తెర మీద ఒక గీత, దాని వెంట కదిలే ఒక చుక్క కనిపించాయి. చుక్క గీత తప్పింది, తరువాత కదలలేదు. రంగూ హంగూ లేని ఆ చుక్క కోట్లమందిని నిశ్శబ్దం చేసింది. ఓటమిని ఓటమిగా చూపగలిగిన బొమ్మ అది. అటువంటి నిజాయితీ మన పాఠశాల గోడపటానికి లేదు. భూమిని సెంటీమీటరు శనగగింజ అనుకుంటే సూర్యుడు మీటరుకు పైబడిన గోళం. రెంటి మధ్య దూరం 117 మీటర్లు. నెప్ట్యూన్ మూడున్నర కిలోమీటర్ల అవతల వుండాలి. మా పిల్లల చేత ఈ దూరాలు నడిపించబోతే భూమికే ఆటస్థలం చాలలేదు. గోడపటంలో గ్రహాలన్నీ పంక్తిలో విస్తళ్ళ ముందు కూర్చున్నట్లుంటాయి. కాగితం చిన్నది గనుక అలా వేయక తప్పదు. అలా వేశామని క్రింద ఒక్క వాక్యం రాయకపోవడమే తప్పు.

ఇప్పుడు మన సంగతి చెప్పుకోవాలి. అభ్యుదయ కవిత్వంలో సూర్యుడు వేలసార్లు ఉదయించాడు. ఆ సూర్యుడు ప్రతీకే గాని, గుంటూరు పలక మీద పడిన సూర్యుడు కాదు. 2020 జూన్ 21న గ్రహణం పట్టిన రోజు తెలుగునాట ఎన్నో ఇళ్ళలో పళ్ళెంలో రోకలి నిలబెట్టి సెల్‌ఫోన్లతో ఫోటోలు తీశారు. గ్రహణంవేళ ఎండ కాస్తే చెట్టు క్రింద ఆకుల సందుల్లోంచి నేలమీద వందల నెలవంకలు పడతాయి. వాటిని చూడండని చెప్పవలసిన వాళ్ళం ఆ మాట చెప్పలేదు. రోకలిని గెలిపించినది మన మౌనం కూడా.

ఆ పిల్లవాడి ప్రశ్నకు వారం తిరిగేసరికి జవాబు దొరికింది. 2023 ఆగస్టు 30న రోవరు ప్రజ్ఞాన్ తన కెమెరాతో విక్రమ్‌ను ఫోటో తీసి పంపింది. బూడిద రంగు నేల, దానిమీద నాలుగు కాళ్ళతో నిలిచిన యంత్రం. తరగతిలో చూపించి, "ఇది తీసిందెవరో చెప్పండిరా" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.